చీమల బారులో తొమ్మిది పురుగులు

ఆఫీసులో అందరూ ఆమెను జిగురక్క అనేవారు. చదివింది ఎనిమిదో తరగతి. పురుగుల నమూనాలు భద్రపరిచే ఆ సంస్థలో ఊడ్చే పనికి చేరి, పక్క బల్ల మీద పని చూసి చూసి తనూ నేర్చుకుంది. సన్నటి కాగితపు ముక్కోణం కొనకు చుక్క జిగురు తాకించి, దాని మీద సన్న కుంచెతో చీమను నిలబెట్టి, కాగితానికి సూది గుచ్చడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా కిటికీ పక్క బల్ల ఆమెదే. ఇంట్లో అత్తగారు సూదీ దారం చేతికిస్తే, మాట పూర్తయ్యేలోపు ఎక్కించి ఇచ్చేసేది.

ఒకసారి అడవి నుంచి స్పిరిట్ నింపిన సీసా వచ్చింది. అందులో ఉన్నవి దండు చీమలు, ఒకచోట స్థిరపడకుండా బారులు తీరి వేటాడే రకం. మూడువందల పన్నెండు చీమలని పెద్దసారు జాబితా టైపు చేయించి పైఆఫీసుకు పంపేశారు కూడా.

అంటిస్తుంటే ఒకటి కుంచెకు తేడాగా తగిలింది. చీమ పొట్ట కిందికి వంగి ఉంటుంది, దీనిది పైకి లేచి ఉంది. మైక్రోస్కోపు కింద పెడితే వీపు మీద రెండు పొట్టి రెక్కల మూతలు కనిపించాయి. కూలి చీమకు అవి ఉండవు. రంగు, నడుము, కాళ్లు మాత్రం అచ్చం చీమవే. వెతికితే అలాంటివి తొమ్మిది తేలాయి.

"బాబాయ్, ఇవి చీమలు కావు, పెంకు పురుగులు" అంది అటెండరుతో. "చీమల వేషం కట్టి, వాటి బారులోనే నడుస్తూ వాటి తిండే తింటున్నట్టున్నాయి."

"అలాంటోళ్లు మన ఆఫీసులో అరడజను మంది ఉన్నారమ్మా. వాళ్లకి సూది గుచ్చేదెప్పుడు?"

పెద్దసారుకు నవ్వు రాలేదు. "నీకెవరు చెప్పారు?"

"కుంచె చెప్పింది సార్. కళ్లు ఒప్పుకున్నాయి."

"అంటించడం నీ పని. పేరు పెట్టడం నా పని."

"మీరే పెట్టండి. కాకపోతే చూసి పెట్టండి."

ఆయన చూశారు. చాలాసేపే చూశారు. తలెత్తేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"జాబితా వెళ్లిపోయింది. ఇప్పుడు తొమ్మిది తప్పంటే నా పరువేం కావాలి? అన్నీ చీమల పెట్టెలోనే అంటించు. లేదంటే రేపట్నించి పైఅంతస్తులో అద్దాలు తుడుచుకో."

ఆ బల్ల పోతే చేతిలో పని పోయినట్టేనని ఆమెకు తెలుసు. "తుడుస్తాను సార్. అబద్ధం మాత్రం అంటించను."

సాయంత్రం దాకా కూర్చుని తొమ్మిదింటినీ విడి పెట్టెలో నిలబెట్టింది. ఒక్కో సూదికీ ఒక్కో చీటీ గుచ్చింది. "పెంకు పురుగు. దండు చీమల బారులో దొరికింది." గుర్తించినవారు అన్న చోట ఎప్పుడూ సారు పేరే ఉండేది. ఈసారి ఆమె తన పేరు ఇంటిపేరుతో సహా రాసింది.

పొద్దున్నే సారు పెట్టె తెరిచారు. "ఎవర్నడిగి రాశావ్? పీకెయ్ ఇవన్నీ!"

"రాసింది నేను. పీకాలనుకుంటే మీరు పీకండి. చీటీ పురుగు కిందే, అదే సూదికి ఉంది. చెయ్యి వణికితే పురుగు కాళ్లు రాలిపోతాయి, చూసుకోండి."

ఆయన చెయ్యి మొదటి సూది దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. అటెండరు కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు. జిగురక్క బకెట్టు, గుడ్డ తీసుకుని మెట్లెక్కింది.