పెనుకొండ బంకుకు వచ్చిన ఒక్క ట్యాంకరు

2022 జూన్‌లో నేను ఒక చమురు కంపెనీ సేల్స్ ఆఫీసరుగా హిందూపురంలో ఉన్నాను. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లోని మా బంకులకు సరుకు సక్రమంగా అందేలా చూడటం నా పని.

ఆ ఏడు యుద్ధం వల్ల ముడి చమురు ధర ప్రపంచమంతటా పెరిగింది. మనం వాడే చమురులో అధికభాగం దిగుమతే. అయినా బంకుల్లో డీజిల్ ధర ఆ మేరకు పెంచలేదు. ఫ్యాక్టరీలకు, కంకర క్రషర్లకు కంపెనీ నేరుగా పంపే డీజిల్‌కు మాత్రం అంతర్జాతీయ ధరే పడింది. దాంతో వాళ్లంతా బంకుల మీద పడ్డారు. బంకులకు నష్టానికి ఇచ్చే సరుకులో డిపో కోత మొదలుపెట్టింది. డీలర్లు ఇండెంటు పెట్టి, అంటే సరుకుకు ఆర్డరిచ్చి, ట్యాంకరు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది.

సరిగ్గా అప్పుడే వేరుశనగ విత్తనానికి వాన పడింది.

పెనుకొండ దగ్గర షమీమ్‌బీ అనే డీలరు, భర్త పోయాక తానే బంకు నడిపేది. నిల్వ అయిపోయిన ఆ బంకుకు ట్యాంకరు బయలుదేరిందని తెలిసి నేను వెళ్లాను. అప్పటికే క్రషర్ యజమాని ఈశ్వరప్ప టిప్పర్లు ముందు వరుసలో ఉన్నాయి. వాటి వెనక రొద్దం వైపు నుంచి వచ్చిన రైతుల ట్రాక్టర్లు.

నరసింహప్ప అనే రైతు నా దగ్గరకొచ్చాడు. “సార్, పదును ఆరిపోతాండాది. ఇప్పుడు చెనిక్కాయ ఇత్తకపోతే మళ్లా వాన ఎప్పుడొస్తాదో ఏమో!”

టిప్పర్లలో తెచ్చిన డ్రమ్ములు నింపడం నిబంధనలకు విరుద్ధం. ఆ మాట చెప్పడం తేలికే. బండి ట్యాంకు నింపవద్దనడానికి మాత్రం నాకు ఏ నిబంధనా లేదు. పై అధికారికి ఫోను చేస్తే, గొడవ కాకుండా చూసుకోమన్నారు. అంతకు మించి చెప్పలేదు.

ట్యాంకరు వచ్చింది. సాంద్రత పరీక్ష చేసి, సరుకు దింపించి, ట్రాక్టర్లకే ముందు పోస్తామని ప్రకటించాను. క్రషర్‌కు నేరుగా ట్యాంకరు పంపిస్తానని ఈశ్వరప్పకు చెప్పాను.

“ఆ రేటుకు కొంటే క్రషర్ మూసుకోవల్ల. నా కాడ కూలోళ్లు లేరా సార్? ముందొచ్చింది నా బండ్లు గదా!” అన్నాడు.

అతని మాటలో న్యాయం లేకపోలేదు. అంతలోనే అతని డ్రైవరు టిప్పరును పంపు ముందు అడ్డంగా నిలిపాడు. ట్రాక్టర్ల వాళ్లు కేకలు వేస్తూ ముందుకొచ్చారు. బంకు పనివాళ్లు భయపడి పక్కకు తప్పుకున్నారు.

షమీమ్‌బీ ఆఫీసు గదిలోంచి వచ్చి గొట్టం తన చేతిలోకి తీసుకుంది.

“టిప్పరు తీయించన్నా. ట్రాక్టర్లకు నేనే కొడతా.”

“రేపట్నుంచి నా బండి ఒగటీ ఈడికి రాదు, చూస్కో.”

“రావద్దులే అన్నా. ఈ పొద్దు మాత్రం ఇత్తనానికే.”

నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఈశ్వరప్ప డ్రైవరుకు సైగ చేశాడు. టిప్పరు కదిలింది. ఒక్కో ట్రాక్టరుకు కొంచెమే పోశాం. చివరనున్న కొందరికి అదీ అందలేదు. నరసింహప్ప చేనులో ఆ రోజే విత్తనం పడింది.

కొరత తీరాక కూడా ఈశ్వరప్ప బండ్లు ఆ బంకుకు రాలేదు. అమ్మకాలు పడిపోయాయి. ఎందుకని ఆఫీసు అడిగితే, నిర్ణయం నాదేనని జవాబిచ్చాను.

ముడి చమురు ధర మా చేతిలో లేదు. ఉన్న సరుకు ముందు ఎవరికన్నది మాత్రం మా చేతిలోనే ఉంది. దాన్ని ట్యాంకరు రాకముందే తేల్చి, వరుసలో నిలబడే వాళ్లందరికీ చెప్పాలి. ఆ తర్వాత నా పరిధిలోని ప్రతి బంకులోనూ అలాగే చేయించాను.