నాలుగు వేళ్ల మడత

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని కరీంనగర్‌లో మా చిన్నబ్బాయి ఇంటికి వెళ్లేసరికి, మనవరాలు బుట్టచేతులు, గుండ్రటి కాలరు, వీపున పెద్ద రిబ్బను ముడి ఉన్న లేతనీలం గౌను తొడుక్కుని అద్దం ముందు గిరగిరా తిరుగుతోంది. ఆ గది గోడల నిండా పాతకాలపు పిల్లల పుస్తకాల బొమ్మలు ఫ్రేములు కట్టించి పెట్టారు. "ఇప్పుడంత గిదే నడుస్తుంది అత్తమ్మా, వింటేజ్ అంటరు," అని కోడలు మురిసిపోతుంటే నేనూ నవ్వాననే అనుకుంటాను. కాని నవ్వుతూనే వంగి, ఆ గౌను కింది అంచును తిరగేసి చూశాను. ఎందుకు చూశానో నా ఈడు వాళ్లకు సగం తెలుస్తుంది. మిగతా సగం యాభై ఏళ్లుగా నేను ఎవరికీ చెప్పలేదు.

డెబ్బైల మొదట్లో మేము బెల్లంపల్లిలో, బాపు, అంటే మా నాన్న, పనిచేసే బొగ్గుబాయికి దగ్గర్లో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. పొద్దున తీగ మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగే చోటు అది. మా సండే స్కూలుకంతా ఒకటే బొమ్మల పుస్తకం. టీచరమ్మ దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో దాచి, ఆదివారం మాత్రం బొమ్మ మా వైపు తిప్పి పట్టుకుని కథ చెప్పేది, ముట్టనిచ్చేది కాదు. అందులో ప్రభువు చుట్టూ కూర్చున్న పిల్లల్లో ఒక అమ్మాయికి లేతనీలం బుట్టచేతుల గౌను ఉండేది. మిగతా పిల్లలు ప్రభువును చూస్తుంటే నేనూ, నాకంటే రెండేళ్లు పెద్దదైన మా అక్కా ఆ గౌనునే చూసేవాళ్లం. దేవుని మందిరంలో కూర్చుని చేసిన పాపాల్లో నాకు గుర్తున్న మొదటిది అదే.

ఒక క్రిస్మస్‌కు అవ్వ, అంటే మా అమ్మ, అచ్చం ఆ రంగు నైలాన్ గుడ్డ సంపాదించి, టీచరమ్మను బతిమాలి పుస్తకం తీసుకుని మమ్మల్ని దర్జీ దగ్గరికి నడిపించుకుపోయింది. ఆయన కళ్లద్దాల పైనుంచి బొమ్మనూ మమ్మల్నీ చూసి, గుడ్డ కొలిచి పెదవి విరిచాడు. "చెల్లె, గీ బట్ట ఒక్క పొల్లకే వస్తది. ఇద్దరికి కుట్టుమంటె పెద్దదానికి గౌను, చిన్నదానికి చేతిరుమాలు!" అందరూ నవ్వారు, నేను తప్ప. గౌను అక్కకని, కింద నాలుగు వేళ్ల మడత పెట్టి కుట్టాలని, అక్క పొడుగైతే మడత విప్పుకోవాలని, అదీ చాలనప్పుడు నాకు రావాలని అవ్వ తేల్చింది. ఆ రోజుల్లో మడత లేని పిల్లల గౌను ఎవరు కుట్టించారు?

దారంతా ఏడుస్తున్న నాతో, "జల్ది పెరిగి జల్ది నీకిస్త, ఫికర్ జెయ్యకు," అంది అక్క. నేను ఆ మాట పట్టుకుని ప్రతి ఆదివారం అక్కను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, తల పైన బొగ్గుముక్కతో గీత గీసేదాన్ని. నన్ను సంతోషపెట్టడానికి అది మడమలు కొంచెం పైకి లేపేది. తెలిసీ నేను ఊరుకునేదాన్ని.

ఎండలు ముదరకముందే అక్కకు జ్వరం పట్టింది. ఆసుపత్రిలో మందులు, ఇంట్లో సంఘమంతా మోకాళ్ల మీద ప్రార్థనలో. పదకొండో రోజు పొద్దున, బాపు బాయి నుంచి ఇల్లు చేరకముందే ప్రాణం పోయింది. నన్ను పక్కింటికి పంపించారు. తిరిగి వచ్చేసరికి అక్కకు స్నానం చేయించి, ట్రంకుపెట్టెలోని ఆ గౌను తొడిగి పడుకోబెట్టారు. నేను ఒక్క ఉరుకున పోయి గౌను అంచును రెండు చేతులా పట్టుకుని కేకలు పెట్టాను. ఆడవాళ్లు ఒక్కొక్క వేలూ విప్పవలసి వచ్చింది. "అక్కంటె ఎంత పాణమో సూడుండ్రి," అని పక్కింటి పెద్దవ్వ గుండెలు బాదుకుంది. తర్వాత మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు నన్ను ముందు నిలబెట్టి, ప్రేమ అంటే ఈ బిడ్డను చూసి నేర్చుకోండి అన్నారు, మందిరమంతా ఏడ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. నేను ఏడ్చింది అక్క కోసం కాదు. నాకు రావలసిన గౌను మట్టిలోకి పోతోందని.

మరుసటి క్రిస్మస్‌కు అవ్వ నాకొక తెల్లటి కాటన్ గౌను కుట్టించింది. దాని కాలరు లేతనీలం నైలాన్. చూడగానే పోల్చుకున్నాను, ఆ పొద్దున నేను పక్కింట్లో ఉన్నప్పుడే అవ్వ లోపలి మడతను కత్తిరించి దాచింది. "అక్కది నీకు రావాలె గదా. గిదే మిగిలింది," అంది. బొత్తాలు పెడుతూ, నా ముఖం చూడకుండా, "నువ్వు దేనికేడ్శినవో నాకెరుకే బిడ్డా," అంది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. నేను ఆ గౌను తొడుక్కుని మందిరానికి వెళ్లాను, నిజం చెప్పాలంటే సంతోషంగానే వెళ్లాను.

తర్వాత ముప్పై ఏళ్లు సండే స్కూలులో, దేవుడు పైరూపాన్ని కాదు, హృదయాన్ని చూస్తాడని పిల్లలకు నేర్పాను. సాక్ష్యం చెప్పడానికి ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు. అక్కను అంతగా ప్రేమించిన పిల్ల అని పాతవాళ్లు చెప్పుకుంటుంటే ప్రతిసారీ తల వంచుకున్నాను; దాన్నీ వాళ్లు వినయమే అనుకున్నారు. ప్రభువు ముందు ఒప్పుకున్నాను, ఆయన క్షమించాడని నమ్ముతున్నాను. సంఘం ముందు మాత్రం నోరు రాలేదు. అవ్వ కూడా ఎవరికీ చెప్పకుండానే పోయింది.

మనవరాలి గౌనుకు అన్నీ ఉన్నాయి, ఆ రంగుతో సహా. అంచు తిరగేస్తే మాత్రం సన్నటి కుట్టు, అంతే. వచ్చే ఏడాదికి పొట్టిదైపోతుంది కదా అంటే, "అయితే ఇంకోటి కొంటం అత్తమ్మా," అంది కోడలు. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఈ పిల్ల వచ్చే ఏడాదికి ఉంటుంది, పెరుగుతుంది అన్నది ఇప్పటి తల్లులకు తెలిసిన సంగతి. మా తల్లులు దాన్ని ప్రార్థనలాగా నాలుగు వేళ్లు మడిచి గుడ్డలో కుట్టుకునేవారు.

ఆ నీలం కాలరు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పెరిగే జాగా లేని గౌనులో మా అక్క బెల్లంపల్లి మట్టిలో పడుకుని ఉంది. కడబూర మోగి చనిపోయినవాళ్లంతా లేచే దినాన అదీ లేచి నిలబడి, అందరికంటే ముందు ఆ అంచును పట్టుకున్న నా చేతులవైపే చూస్తుందని నాకు భయం.