చీరకెక్కిన భూగోళం పాఠం

ఒక్క కాగితం ముక్కతో ఒక నేతగాడి మూడు వారాల కష్టానికీ, మా మామయ్య కొట్టు పరువుకీ, ఒక ఆడపిల్ల చదువుకీ ఒకేసారి ఎసరు పెట్టిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. బెజవాడలో భూగోళం మేస్టర్ని. మనిషి సన్నం, గర్వం లావు.

జపాను వాళ్లు బాంబులు వేస్తారన్న భయంతో నలభై రెండులో ఊరు సగం ఖాళీ అయింది. బడి మూసేశారు. పిల్లలు తలో పల్లెకీ వెళ్లిపోయారు. "నోరు ముయ్యండర్రా!" అని రోజుకు వందసార్లు అరిచినవాణ్ణి, ఖాళీ తరగతిలో కూర్చుని, ఒక్కడైనా గోల చేస్తే బాగుండునని బెంగపడ్డాను.

అందరికన్నా ఎక్కువ బెంగ సుభద్ర మీద. థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి పిల్ల. మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. తండ్రి వీరాస్వామిది కంకిపాడు దగ్గర పల్లెటూరు. గవర్నర్‌పేటలో మా మామయ్య బట్టల కొట్టుకు చీరలు నేసి ఇచ్చేవాడు. పిల్లను తీసుకెళ్తూ ఆయన ఖరాఖండీగా చెప్పాడు.

"ఒక నెల చూస్తానండి మేస్టారూ. ఇంటికాడ చదువు సాగితే సరి. లేదా, రాట్నం ముందు కూర్చోబెట్టి నూలు చుట్టిస్తాను."

రాట్నం ముందు కూర్చున్న పిల్ల మళ్లీ బడి మొహం చూడదని నాకు తెలుసు. "బడే మీ ఇంటికి వస్తుంది, చూస్తూ ఉండండి!" అన్నాను. నా గొప్పలు అలా ఉండేవి.

మామయ్య కొట్టు నుంచి వీరాస్వామికి బస్సులో నూలు మూట వెళ్తుంది. అందులో పాఠం పెట్టేస్తే పోలేదా? యుద్ధం రోజులు కదా, కాగితం కరువు. కొట్లో మామయ్య ముద్ర వేసిన గళ్ల కాగితాలు దొంతరగా కనిపించాయి. ఒకటి లాగి, గడి గడికీ రంగు నింపుతూ మన కోస్తా పటం గీశాను. సముద్రం ఆకుపచ్చ, నదులు నీలం, ఊళ్లు ఎర్ర చుక్కలు. కింద "ఇలాంటివే రెండు తయారు చేసి పంపాలి" అని రాసి నూలు మూటలో పెట్టాను.

నేతపని తెలిసిన పాఠకులు ఇప్పటికే తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చీర మీద ఏ పువ్వు ఎన్ని పోగుల్లో నెయ్యాలో కొట్టువాళ్లు సరిగ్గా అలాగే, గళ్ల కాగితం మీద రంగులు నింపి, నూలుతో పాటు పంపుతారు. ఆ కొట్లోనే ఆడుకుని పెరిగిన నాకు ఆ సంగతి గుర్తు రాలేదు.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. నాలుగో వారం వీరాస్వామే మూటతో కొట్టుకు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇంత తిప్పలు పెట్టిన పని నా జన్మలో చెయ్యలేదండి షావుకారు గారూ!" అంటూ ఒక చీర విప్పాడు. కొంగు నిండా బంగాళాఖాతం!

మామయ్య కళ్లు తేలేశాడు. "ఏంటయ్యా ఇది?"

"మీరు పంపిందేనండి. ముద్ర కూడా ఉందిగా."

"నేనా? ఇది కట్టుకుని పెళ్లికెళ్తే, పేరంటాళ్లు పలకరిస్తారా, బందరు ఎక్కడుందో వెతుక్కుంటారా?"

"అది... సుభద్ర పాఠం మామయ్యా" అని నసిగాను.

"ఒరేయ్! కొట్టు కాగితం మీద నీ పాఠాలేంట్రా!"

వీరాస్వామి మొహం పాలిపోయింది. "పిల్ల మొత్తుకుందండి, నాన్నా, ఇది నా పాఠం అని. పాఠమైతే పుస్తకంలో ఉంటుందిగానీ నూలు మూటలో ఎందుకొస్తుందే అని కేకలేశాను. పక్కన కూర్చోబెట్టుకుని గళ్లు లెక్కపెట్టించాను."

"మరి చదువు?" అన్నాను.

"ఇంకెక్కడి చదువండీ! మూడు వారాలూ మగ్గం కాడే సరిపోయింది."

ఆయన రెండో చీర కూడా విప్పాడు.

"ఇది కాస్త మారిందండి. పంపింది పంపినట్టే నెయ్యాలన్నాను. వింటేనా! ఈ ఎర్రచుక్క బెజవాడంట. మేస్టారు దాన్ని కృష్ణకి అవతల, గుంటూరు వైపు పెట్టారంట. గుంటూరు నుంచి రైల్లో వస్తే వంతెన దాటాకే గదా మా బడి అని ఏడ్చి, రెండోదాంట్లో ఇవతలికి మార్పించింది. తప్పు ఎవరిదండి మేస్టారూ? దానిదా, మీదా?"

నేను పుట్టిన ఊరు. రోజూ తాగేది ఆ ఏటి నీళ్లే. పరువు కోసం ఒక అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించింది, మీ దగ్గర దాపరికమెందుకు. కానీ ఆ అబద్ధంతో సుభద్ర రాట్నం పాలవుతుంది.

"నాదే" అన్నాను.

మామయ్య కళ్లజోడు జారిపోయేలా నవ్వాడు. వీరాస్వామి మాత్రం నవ్వలేదు. చీర నెమ్మదిగా మడతపెట్టాడు.

"మేస్టారి తప్పే దిద్దిందంటే దానికి చదువు వచ్చినట్టేగా. చదివిస్తానండి. మీ బడికి మాత్రం పంపను. ఉయ్యూరులో చేరుస్తాను. అక్కడి మేస్టర్లకి కనీసం వాళ్ల ఊరెక్కడుందో తెలిసుంటుంది!"

అన్నట్టే చేర్చాడు. నాకెంత సంతోషమైందో అంత దిగులూ వేసింది. బడి తెరిచారు, గోల మళ్లీ మొదలైంది, ఆ పిల్ల చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఇన్నేళ్లయినా పటం గోడకు తగిలించినప్పుడల్లా కళ్లు అటే పోతాయి.

అందుకే కృష్ణమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. పటంలో ఏ ఊరి చుక్క పెట్టినా, ముందు పిల్లల్ని అడిగే పెడతాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. అడక్కుండానే లేచి, "తప్పండీ మేస్టారూ" అనే పిల్ల మాత్రం మళ్లీ నా తరగతికి రాలేదు.