ఒళ్ళంతా బొక్కలే

ఇప్పుడంటే మా అమ్మాయి నాలుగో తరగతికొచ్చి, నేను ఏం మాట్లాడినా అందులో ఒక తప్పు పట్టే స్థాయికి ఎదిగింది గానీ, తనను బడిలో వేసిన కొత్తలో ఈ లోకంలో ఆ పిల్లను కాపాడగలవాణ్ణి నేనొక్కడినే అని గట్టిగా నమ్మేవాణ్ణి. నాకప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. ఆ వయసులో ధైర్యమేదో భయమేదో పోల్చుకోవడం కష్టం, రెండింటికీ గొంతు పెద్దదే.

సంగతేమిటంటే, మా అమ్మాయివి పుట్టుకతోనే పెళుసు ఎముకలు. ఆ జబ్బుకో పేరుంది. దాన్ని పూర్తిగా పలికేలోపు ఇంకోటి విరుగుతుందేమోనని మా ఇంట్లో ఎవరూ పలకరు. దుప్పట్లో కాలు చిక్కుకుని ఒకసారి, తాత ముద్దుగా చెయ్యి పట్టి లాగితే ఒకసారి, ఏ కారణమూ లేకుండా ఒకసారి విరిగాయి. ఇందులో అన్యాయం ఎక్కడంటే, మాది బహదూర్‌పురాలో తాతలనాటి పాల వ్యాపారం. (పొద్దున్నే పక్కనున్న జూలో సింహం గర్జిస్తే మా బర్రెలు ఆ పూట సరిగ్గా పాలు చేపవు. ఈ కష్టం ఇంకే పాలవాడికీ ఉండదు.) వాడకట్టు మొత్తానికి పాలు పోసే ఇంట్లోనే పిల్ల ఎముకలు విరుగుతున్నాయంటే జనం ఊరుకుంటారా? "ఏం కలుపుతున్నరు భాయ్ పాలల్ల?" అని మొహం మీదే అడిగారు. మా బాపుకు, అంటే మా నాన్నకు, అది పరువు సమస్య అయింది. డాక్టర్ దగ్గరికి తనూ వచ్చాడు. "సార్, మా ఇంట్ల చెంబులకు చెంబులు తాగుతం. మరి గట్లెట్ల విరుగుతయి?" అని నిలదీశాడు. లోపం పాలల్లో లేదు, ఎముక అల్లికలోనే ఉందని ఆయన ఓపికగా బొమ్మ గీసి చెప్పాడు. బాపు బయటికొచ్చి అందరికీ ఒక్క ముక్కే ప్రకటించాడు: "పాలల్ల తప్పు లేదన్నడు."

అదే డాక్టర్ నాతో మూడు మాటలు చెప్పాడు. నడవనివ్వండి. బడికి పంపండి. ఎవరు ఎత్తుకున్నా చంకల కింద పట్టి మాత్రం లేపొద్దు. పిర్రల కింద ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి పెట్టి ఎత్తాలి. మొదటి రెండూ నాకు వినబడలేదు. మూడోది మాత్రం నిద్రలో కూడా వినబడేది.

కనుక బడి దగ్గర పడేకొద్దీ నా ఏర్పాట్లు మొదలయ్యాయి. ధూల్‌పేటలో విగ్రహాలు చేసేచోట వినాయకుణ్ణి ట్రాలీ ఎక్కించేటప్పుడు చుట్టూ గడ్డి ఎలా కూరతారో, అలా స్కూటర్ ముందు భాగమంతా స్పాంజి కూరాను. ట్రయల్ కోసం పిల్లను కూర్చోబెట్టి ఎంత మెల్లగా నడిపానంటే, మేతకు పోతున్న మా సొంత బర్రెలే మమ్మల్ని దాటిపోయాయి. ఒక బర్రె వెనక్కి తిరిగి చూసింది కూడా. మా ఇంటామె కొరియర్ ఆఫీసులో పని చేస్తుంది. గాజు సామాన్ల డబ్బాల మీద అంటించే ఎర్ర స్టిక్కర్లు, అవే, పగిలిన గ్లాసు బొమ్మ ఉండేవి, కొన్ని తెమ్మన్నాను. స్కూల్ బ్యాగుకు అంటిద్దామని నా ఆలోచన.

ఆమె, "ఆ స్టిక్కర్ ఉన్న డబ్బాలనే మావోళ్ళు ఇంక దూరం ఇసురుతరు. తెమ్మంటవా?" అంది.

వద్దన్నాను.

చేర్పించే రోజు నేనే వెళ్ళాను. మా ఇంటికి దగ్గర్లోనే చిన్న ప్రైవేటు బడి. క్లాస్ టీచర్ గోదావరి వైపు నుంచి పెళ్ళయి కొత్తగా మన ఊరికొచ్చిన అమ్మాయి. ప్రతి మాటకూ ఒక 'అండీ' తగిలించేది. నేను వారం రోజులుగా అద్దం ముందు సాధన చేసిన ఉపన్యాసం ఎత్తుకున్నాను. "టీచర్, మా బిడ్డకు పుట్టుకతోటే బొక్కల బీమారి. జర పైలంగ చూసుకోవాలె."

ఆమె చెయ్యి గుండెల మీదికి పోయింది. "అయ్యయ్యో, ఇంత చిన్న పాపకా అండీ! ఎన్ని ఉన్నాయండీ?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. అయినా చదువుకున్న మనిషి అడిగింది కదా. "ఎన్నని చెప్పాలె టీచర్? ఒళ్ళంత బొక్కలే."

"ఒళ్ళంతానా!"

"అందరికి ఉన్నట్టే. మా పిల్లయి జర కచ్చగున్నయి, గంతే."

"మరి ఆపరేషన్ చేస్తే పూడిపోతుందంటారు కదండీ?"

"జర పెద్దగైనంక లోపట రాడ్ ఏస్తరట టీచర్."

ఆమె కుర్చీ వెనక్కి ఆనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంత మంచి మనిషి, మన బాధను ఇంతలా అర్థం చేసుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు అనుకుంటూ పొంగిపోయి ఇంటికొచ్చాను. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆమెకు చేరలేదని ఎవరు మాత్రం ఊహిస్తారు? బాధతో ఈయనకు మతి చలించిందని, పుట్టుకతో వచ్చిందంటే పాపకు గుండెలోనే రంధ్రం ఉందని ఆమె తీర్మానించుకుంది. (మా వైపు బొక్క అంటే ఎముక. వాళ్ళ వైపు బొక్క అంటే చిల్లు. ఇద్దరం మాట్లాడింది శుద్ధమైన తెలుగే.)

గుండె జబ్బు పిల్ల మెట్లెక్కకూడదు కదా. క్లాసు చూస్తే మేడ మీద. అందుకని ఆయాతో, "పాపను రోజూ గేటు దగ్గరే ఎత్తుకుని పైకి తీసుకురా, అడుగు వేయనివ్వకు" అని చెప్పింది. ఆయాను అందరూ ఖాలా, అంటే పిన్ని, అనేవారు. ఒక్క చేత్తో బియ్యం బస్తా జరిపేయగల మనిషి. మొదటి రోజు నేనే గొడవ చేసి పిల్లను క్లాసు దాకా దింపి వచ్చాను గనుక ఈ ఏర్పాటు నాకు తెలియదు. పెద్ద సారు మాత్రం, "రేపటి సంది తల్లిదండ్రులు గేటు దాటొద్దు. ముఖ్యంగ మీరు" అన్నాడు.

దాటొద్దన్నాడు గానీ చూడొద్దనలేదు. గేటుకు ఎదురుగా ఛాయ్ హోటల్ ఉంది. మర్నాడు పిల్లను గేటు దగ్గర దింపి అక్కడ కూర్చున్నాను. హోటల్ భాయ్ ఛాయ్ పెడుతూ, "క్యా భాయ్, నిన్న బడి లోపట, ఇయ్యాల ఈడ. బడి మీకు కూడ పెట్టిన్రా?" అన్నాడు. నేను జవాబిచ్చేలోపే గేటు లోపల ఖాలా కనబడింది. నవ్వుతూ వంగింది. రెండు చేతులూ ముందుకు చాచింది. తిన్నగా మా పిల్ల చంకల కిందికి.

నేను లేచాననీ, బల్ల తన్నేశాననీ, ఛాయ్ ఎవరి మీదో పడిందనీ తర్వాత చెప్పారు. "ఖాలా! చంకలల్ల చెయ్యి పెట్టకూ!" అని నేను వేసిన కేక చార్మినార్ దాకా వినిపించిందని ఇప్పటికీ అంటారు. (అబద్ధం. మహా అయితే జూ దాకా.) ఖాలా ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. పిల్ల నిలబడిన చోటే నిక్షేపంగా నిలబడి ఉంది. కానీ నేను ఆగే వేగంలో లేను. బడి ముందు వాహనాలు మెల్లగా పోవాలని, పిల్లల క్షేమం కోసమని, వాడకట్టు వాళ్ళందరితో కొట్లాడి నేనే ఒక స్పీడ్ బ్రేకర్ వేయించి ఉన్నాను. అది తన పని తాను చేసింది. ఎగిరి, కుడి చెయ్యి ఆనించి, గేటు ముందు బోర్లా పడ్డాను.

కళ్ళు తెరిచేసరికి మా అమ్మాయి నా పక్కన ఉంది. తనే నడిచి వచ్చింది. ఏడవలేదు. నా చేతిని తాకకుండా, తల ఒక పక్కకు వంచి పరీక్షగా చూసింది.

"డాడీ, సప్పుడొచ్చిందా?"

"వచ్చింది బిడ్డా."

"గయితె విరిగింది. కదలకు. ఎట్లున్నదో అట్లనే పెట్టు." ఖాలా వైపు తిరిగి, "స్కేల్ తే ఖాలా, పెద్దది. నీ దుపట్టా గూడ" అంది. ఆ మనిషి మారు మాట్లాడకుండా పరుగెత్తింది. నాకేమో నొప్పికి నోట్లోంచి రకరకాల శబ్దాలు వస్తున్నాయి. "ఒర్రకు డాడీ. మెల్లగ ఊపిరి తీస్కో. మస్తు నొస్తది, గని తక్కువైతది" అని ఆ ఐదేళ్ళ పిల్ల, తనకు నేను ఎన్నోసార్లు చెప్పిన మాటలే, నాకంటే ఎంతో బాగా చెప్పింది.

ఇంతలో టీచర్ పరుగున వచ్చి పిల్ల కళ్ళు రెండు చేతులతో మూసేసింది. "పాపను చూడనివ్వకండి! గుండె తట్టుకోలేదు!"

పిల్ల ఆ చేతులు తప్పించుకుని, "నా గుండెకేమైంది టీచర్?" అంది.

"మీ నాన్నగారే చెప్పారు కదమ్మా, బొక్క ఉందని."

"బొక్క గుండెల ఎట్లుంటది టీచర్? ఇగో, గిది బొక్క" అంటూ, వంకర తిరిగిపోయిన నా మణికట్టు వైపు వేలు చూపించింది.

టీచర్ మణికట్టును చూసింది, నన్ను చూసింది, ఆకాశం వైపు చూసింది. ఒళ్ళంతా ఎందుకున్నాయో ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

అసలు గండం తర్వాత వచ్చింది. పెద్ద సారు గదిలో నేను దుపట్టా కట్టుతో కూర్చున్నాను. గుండె జబ్బు కంటే ఎముకల జబ్బుకే ఆయన ఎక్కువ భయపడ్డాడు. "బాబూ, గింత రిస్క్ మాతోని గాదు. ఒక సంవత్సరం ఇంట్ల ఉంచుకోరాదు?" అన్నాడు. నా లోపల ఒక పిరికివాడు "సరే సార్" అనడానికి అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. ఒక సంవత్సరం, ఇంట్లో, స్పాంజి మధ్యలో, నా కళ్ళెదుట. నిజం చెబితే నాకు కావలసిందీ అదే. పిల్ల నా మొహంలోకి చూసింది. చదివేసిందనుకుంటాను. బ్యాగును గుండెలకు హత్తుకుంది.

"సార్, ఎవలు పడ్డరు?" అంది.

"మీ డాడీ."

"నేను పడ్డనా?"

టీచర్ పైట చెంగుతో నవ్వు దాచుకుంటూ, "తనను ఎలా ఎత్తాలో పాపే మాకు నేర్పుతుంది సార్. ముందు ఆ బయట కూర్చునే ఆయన్ని ఆపండి" అంది. పెద్ద సారు ఆలోచించి తీర్పు చెప్పాడు: "పిల్ల ఉంటది. మీరుండొద్దు."

నేను కట్టుతో పాలు పోయడానికి వెళితే, "ఇప్పుడు కొడుక్కి గూడనా?" అని జనం బాపును నిలబెట్టి అడిగారు. ఆయన నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. బర్రెలు కూడా అనుమానంగా చూసినట్టే అనిపించింది. మా ఇంటామె మాత్రం ఎర్ర స్టిక్కరొకటి తెచ్చి నా పిండికట్టు మీద అంటించింది.

ఆ తర్వాత పిల్లకు ఏదీ విరగలేదా అంటే, విరిగింది. రెండో తరగతిలో, బడి నల్లా దగ్గర తడి నేల మీద. టీచరే ఫోన్ చేసింది. "అన్నా, పాపకు చేతి బొక్క విరిగింది. ఫికర్ చేయకండి, తను చెప్పినట్టే కట్టాం" అంది. ఆ వాక్యంలో మా వైపు మాటలు ఎన్ని చేరాయో గమనించే స్థితిలో నేను లేను. వెళ్ళేసరికి మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. చేతికి స్కేలు, దాని మీద నీటుగా కట్టు. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది, కళ్ళ నిండా నీళ్ళు. గుమ్మంలో నన్ను, నా మొహం రంగును చూసి ఆ నీళ్ళు అలాగే ఆపుకుని, టీచర్ వైపు తిరిగింది.

"టీచర్, ముందుగాల మా డాడీకి కుర్సీ ఏయుండ్రి."

వేశారు. లోకంలో ఆ పిల్లను కాపాడగల ఒకే ఒక్కడు ఆ కుర్చీలో కూలబడి, ఎవరో తెచ్చిన నీళ్ళు తాగాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తుంది, పాపం.