నేను ట్రిగ్గర్ మార్చిన వారం

మంగళవారం పొద్దున టూంగాబీ స్టేషన్‌లో ఆఫీసు రైలు కోసం నిలబడి ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ ఇక లేరమ్మా. వెస్ట్‌మీడ్ హాస్పిటల్లోనే, ఇందాక ఏడింటికి" అన్నారు. "క్లబ్బు వాళ్ళకి నువ్వే చెప్పు తల్లీ. నాకు ఆ మాట ఇంగ్లీషులో నోటికి రావట్లేదు" అని పెట్టేశారు. రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చుని నా కుడి మణికట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా పిస్టల్ క్లబ్బులో రేంజి ఆఫీసరు, అంటే కాల్చేవాళ్ళ వెనక నిలబడి ఎవరికీ ఏమీ కాకుండా చూసే మనిషి. తెనాలి దగ్గర పుట్టి, ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళు ఇక్కడి రైలు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. హనుమకొండలో చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పట్టిన సరదాతో నేను ఆ క్లబ్బులో చేరాను. మొదటి నెలలోనే ఓసారి, ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో, "థూ, మళ్ళ ఎడమకే పోయింది" అనుకున్నాను. వెనక నుంచి తెలుగు వినిపించింది. "అది పోలేదమ్మా. నువ్వు పంపించావు."

అవసరం లేకుండా ట్రిగ్గర్ ముట్టకూడదన్న అలవాటుతో ఆయన చూపుడువేలు ఎప్పుడూ చాచి ఉండేది. వాళ్ళింటి పెరట్లో బార్బెక్యూ దగ్గర పట్టకారు పట్టుకున్నా, గోడకి బెజ్జం పెట్టడానికి డ్రిల్లు పట్టుకున్నా అంతే. మొక్కలకి నీళ్ళు పెట్టే గొట్టాన్ని కూడా మనుషుల వైపు తిప్పేవారు కాదు. ఆంటీ నవ్వేవారు. "ఖాళీ అని ఎవరన్నా చెబితే వినాలి, నమ్మకూడదు" అనేవారు ఆయన. తుపాకుల గురించే అనేవారనుకుంటాను.

నా పిస్టల్ స్ట్రైకర్ రకం. వెనకాల సుత్తి ఉండదు. లోపల స్ప్రింగుతో బిగిసి ఉన్న సూది ముందుకు దూకి తూటాని కొడుతుంది. ఆ సూదిని పట్టి ఉంచేది చిన్న ఇనుప అంచు. ట్రిగ్గర్ లాగితే ఆ అంచు పక్కకి తప్పుకుంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రిగ్గర్ బరువుగా, ఇసకలో గీసినట్టు గరగరలాడుతూ ఉండేది. దాన్ని లాగేలోపు నా చేయి కదిలిపోయేది. మంచి ట్రిగ్గర్ కిట్, అంటే తేలిగ్గా కదిలే విడిభాగాలు, వేయించుకుంటానంటే అంకుల్ ఒప్పుకోలేదు.

"ఆర్నెల్లు దీంతోనే కాల్చు. అప్పటికీ కావాలంటే గన్‌స్మిత్ దగ్గరికి నేనే తీసుకెళ్తా. వేలు తొందరపడినా తుపాకీ తొందరపడకూడదు."

నేను నాలుగు నెలలు ఆగాను. తర్వాత స్టేట్ టీం ఎంపిక పోటీ దగ్గరపడింది. ఒక గురువారం ఇంటి నుంచి పనిచేస్తూ, మధ్యాహ్నం రెండు మీటింగుల మధ్య, వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి, వీడియో చూస్తూ కిట్ నేనే బిగించాను. అది చాలదన్నట్టు ఆ ఇనుప అంచును కూడా కాస్త నునుపు చేశాను. ఖాళీ తుపాకీతో లాగి చూస్తే వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చింది. మా ఆయనకి చెప్పలేదు. అంకుల్‌కి అసలే చెప్పలేదు.

శనివారం క్లబ్బు పోటీ మొదటి రౌండులో జన్మలో ఎప్పుడూ కాల్చనంత బాగా కాల్చాను. తూటాలన్నీ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి. వెనక్కి చూస్తే అంకుల్ నవ్వుతున్నారు. నవ్వుతూనే నా చేతుల వైపు ఒకసారి చూశారు. ఆ చూపు నాకు తెలిసింది. మొహం తిప్పుకున్నాను.

రెండో రౌండుకి ఆయన "లోడ్" అన్నారు. తూటాలున్న మ్యాగజైన్ పెట్టాను. పైన జరిగే ఇనుప తొడుగును, దాన్నే స్లైడ్ అంటాం, వెనక్కి లాగి వదిలాను. నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. అయినా తుపాకీ పేలింది.

తూటా ఎదురుగా ఉన్న మట్టికట్టలోకి పోయింది. నా ప్రాణం మాత్రం ఎక్కడికి పోయిందో తెలియదు. చేతిలో ఉన్నది అప్పటికే తనంతట తాను రెండో తూటాను నింపుకుంది. ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు ఏం చేయాలో నాకు వందసార్లు చెప్పారు. ఒక్కటీ గుర్తుకు రాలేదు. భయపడిన పిల్ల అమ్మ వైపు తిరిగినట్టు, కుడి వెనకగా నిలబడ్డ అంకుల్ వైపు తిరగబోయాను. నాతో పాటు తుపాకీ కూడా తిరిగింది. నా కుడి పక్కన, రెండు గజాల దూరంలో, మా క్లబ్బులో అందరికంటే పెద్దావిడ, రిటైరైన నర్సు, నిలబడి ఉంది.

ఆయన ఎడమ చేయి నా మణికట్టు మీద పడింది. అంత బలం ఆ వయసు మనిషికి ఎక్కడిదో. విసురుగా నా చేతిని మట్టి వైపు నెట్టి, పట్టు వదలకుండా తన చేతిని తుపాకీ వెనకవైపు దాకా జరిపారు. అప్పుడు రెండోసారి పేలింది. స్లైడ్ వెనక్కి దూసుకొచ్చి ఆయన బొటనవేలి మొదట్లో కోసేసింది.

"కదలకు తల్లీ" అన్నారు. తెలుగులోనే, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మెల్లగా. "మట్టి వైపే చూడు. నన్ను చూడకు. వేలు బయట ఉందా?"

"ఉంది."

"మ్యాగజైన్ నేను తీస్తున్నా. నువ్వు ఊపిరి తీసుకో. ఇంకొకటి లోపలుంది, అది పేలినా పేలొచ్చు. పేలితే మట్టిలోకే పోతుంది. భయపడకు."

మ్యాగజైన్ కింద పడిన చప్పుడు విన్నాను. ఆయన రక్తం నా చేతి మీద వెచ్చగా జారడం తెలుస్తోంది. స్లైడ్‌ను అంగుళం అంగుళంగా వెనక్కి లాగారు. మూడో తూటా బయటికి దొర్లి సిమెంటు మీద ఆగేదాకా ఆ లైనులో ఎవరూ కదల్లేదు.

"ఆర్ యూ ఆల్‌రైట్, లవ్?" అని ఆ పెద్దావిడ నన్నే అడిగింది.

క్లబ్బు గదిలో ఆవిడే ఆయన చేతికి కట్టు కట్టింది. తర్వాత ఆయన ప్రమాదాల రిపోర్టు కాగితం ముందు పెట్టుకుని పెన్ను తీశారు.

"అంకుల్, కిట్ నేనే పెట్టిన అని రాయకండి" అన్నాను. "లైసెన్స్ పోతది. పీఆర్ అప్లికేషన్ల పోలీస్ చెక్ ఉంది. ఎవ్వరికేం కాలే గదా."

ఆయన తలెత్తలేదు. "కాలేదు. అందుకే రాయడానికి మనుషులం మిగిలాం."

"మీరు మావోళ్ళు అనుకున్న."

"మీవాణ్ణే. అందుకే ఇక్కడ కూర్చుని రాస్తున్నా. ఇంకెవరన్నా అయితే ఇంకోలా రాసేవాళ్ళు."

రాశాక చదువుకోమని నా వైపు జరిపారు. నేను చేసినది ఉన్నది ఉన్నట్టు ఉంది. దాని కింద ఇంకో పేరా ఉంది. మొదటి రౌండులోనే ట్రిగ్గర్ మారిందని తనకి అనుమానం వచ్చిందని, పోటీ ఆపి తుపాకీ పరీక్షించాల్సిందని, అమ్మాయి బాగా కాలుస్తోందన్న సంతోషంలో ఆపలేదని, తప్పు తనది కూడానని. దాని కింద సంతకం. అదే రోజు రేంజి ఆఫీసరు బ్యాడ్జి తీసి కమిటీ బల్ల మీద పెట్టారు. వాళ్ళు వద్దన్నా తిరిగి తీసుకోలేదు.

నన్ను క్లబ్బు నుంచి మూడు నెలలు సస్పెండ్ చేశారు. పోలీసులు వచ్చి తుపాకీ, ఇంట్లో ఇనుప బీరువా చూసి, ప్రశ్నలు అడిగి, హెచ్చరించి వెళ్ళారు. ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ ఏమవుతుందోనని వచ్చిన ప్రతి ఈమెయిలునీ రెండుసార్లు చదివేదాన్ని. ఆరు వారాలు నేను ఆయన ఫోన్ ఎత్తలేదు. మా ఆయన ఒకరోజు, "ఆ రోజు ఆ పెద్దావిడకు తగిలుంటే నువ్వు ఎవరి మీద కోపానికొచ్చేదానివి?" అని అడిగాడు. ఆ సాయంత్రం నేనే ఫోన్ చేశాను. తప్పయిపోయింది అంకుల్ అందామనుకున్నాను. ఆయన ఆ అవకాశం ఇవ్వలేదు. "రేపు గన్‌స్మిత్ దగ్గరికి వెళ్దాం. పదింటికి వస్తా" అన్నారు.

గన్‌స్మిత్ భూతద్దం కింద ఆ అంచు చూపించాడు. సూదిని పట్టి ఉంచాల్సిన చోట వెంట్రుక వాసి పట్టు కూడా మిగల్లేదు. అంకుల్ "పాత ట్రిగ్గరే పెట్టండి" అన్నారు.

సస్పెన్షన్ తీరాక, ఆ గరగరలాడే ట్రిగ్గర్‌తోనే మళ్ళీ మొదలుపెట్టాం. ఖాళీ తుపాకీ ముందువైపు మీద పది సెంట్ల నాణెం నిలబెట్టి, అది పడకుండా లాగమనేవారు. మొదటి వారం ప్రతిసారీ పడింది. ఆయన వంగి తీసి మళ్ళీ పెట్టేవారు. ఆ బొటనవేలు సరిగా మడవలేకపోయేవారని నేను గమనించాను. పీఆర్ వచ్చిన రోజు స్వీట్లు పట్టుకెళ్తే, "నాణెం ఎన్నిసార్లు నిలబడింది?" అని అడిగారు.

ఏడాది తర్వాత గన్‌స్మిత్ చేత సరైన ట్రిగ్గర్ వేయించుకున్నాం. నేను నా తుపాకీ ఆయనకి ఇచ్చాను. లోపల ఏమీ లేదని మూడుసార్లు చూసుకుని, మట్టి వైపు పెట్టి, ఒక్కసారి లాగి తిరిగి ఇచ్చేశారు. "ఇప్పుడు నీకిది అక్కర్లేదు. అందుకే ఇప్పుడు వాడుకోవచ్చు."

అంత్యక్రియలయ్యాక వచ్చిన శనివారం క్లబ్బుకి వెళ్ళాం. ఎప్పుడూ పదింటికి మొదలయ్యే పోటీ ఆరోజు మొదలు కాలేదు. ఒక నిమిషం మౌనంగా నిలబడదామన్నారు కమిటీవాళ్ళు. తుపాకులన్నీ పెట్టెల్లోనే ఉన్నాయి. ఆ నిశ్శబ్దానికి ధైర్యం వచ్చిందేమో, తెల్ల కాకటూ చిలకలు యూకలిప్టస్ చెట్ల మీద నుంచి ఒక్కొక్కటే దిగి, మట్టికట్ట మీద నడవసాగాయి. నిమిషం దాటింది. ఒక పక్షి తూటాలు దిగిన చోట ముక్కుతో తవ్వి, ఏదో వెతికి, తల మీది పసుపు కుచ్చు విప్పి మా వైపు చూసింది. పెద్దావిడ నా పక్కనే నిలబడి ఉంది. ఇరవై మందిమి ఖాళీ చేతులతో వాటినే చూస్తూ నిలబడ్డాం. వాటిని తోలమని ఎవరూ అనలేదు.