మూడో వద్దు

పుంగనూరులో మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. ఊళ్ళో ఆయనకు పేరు మాత్రం అంగడితో రాలేదు, సాంబారు బకెట్టుతో వచ్చింది. తొంభైలలో మా వీధిలో ఎవరింట్లో పెళ్ళి జరిగినా, ఎవరూ అడక్కముందే పంచె ఎగగట్టి బకెట్టు అందుకునేవాడు. బంతిలో కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసేవాడు కాదు. వంగి నడుస్తూ వాళ్ళ ఆకులు చూసేవాడు.

వడ్డించడానికి ఆయనకొక లెక్క ఉండేది. ఇంట్లో నాకూ తమ్ముడికీ చాలాసార్లు చెప్పాడు.

“మొదటి వద్దు మర్యాదకు. రెండో వద్దు సిగ్గుకు. మూడో వద్దు కడుపు చెప్తాది. దాన్ని ఇనల్ల. ఆ తర్వాత గూడా పోస్తే అది పెట్టడం కాదు, ఆకు పాడు చెయ్యడం.”

తాను తినేటప్పుడూ ఇదే లెక్క. ఎంత ఆకలితో ఉన్నా మొదట వద్దనేవాడు, కంచం మీద అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. అమ్మ మూడుతో ఆగేది కాదు, నాలుగోసారి కూడా అడిగేది. “నా లెక్క ఈమెకు పట్టదు” అంటూ నవ్వి చెయ్యి తీసేవాడు.

అమ్మ పోయాక అంగడి మూసి, కుప్పంలో నా దగ్గరకు వచ్చాడు. రెండువేల ఏడో, ఎనిమిదో అయ్యుండాలి. నేను అక్కడ హైస్కూల్లో టీచరుగా చేసేదాన్ని. పొద్దున ఆయనకు టిఫిను పెట్టి, “ఇంకొంచెం పెట్టనా నాయనా?” అని అడిగేదాన్ని. “సాలమ్మా” అనేవాడు. గిన్నె మీద మూత పెట్టి బడికి పోయేదాన్ని. రాత్రీ అంతే. ఎదుటి మనిషి మాటను మాటగా తీసుకోవడమే గౌరవమని చదువుకున్నదాన్ని. పెద్దవాళ్ళను బలవంతపెట్టకూడదు అనుకునేదాన్ని.

నాలుగు నెలలకు ఆయన చేతి గడియారం మణికట్టు దగ్గర నిలవకుండా మోచేతి వైపు జారడం మొదలైంది. మదనపల్లెలో ఆయనకు అలవాటైన డాక్టరు ఉండేవాడు. తీసుకుపోయాను. అన్ని పరీక్షలూ చేసి, “జబ్బేం లేదమ్మా. తినడం లేదు, అంతే. ఇట్లే ఉంటే మంచం పడతాడు. ఆయనకు ఇష్టమైంది ఏదన్నా పెట్టి సూడు” అన్నాడు.

తిరుగు బస్సు పుంగనూరులో ఆగింది. మా అంగడి ఉన్న వీధి మొదలు కిటికీలోంచి కనిపిస్తోంది. ఆయన అటు తిరగలేదు.

“నీకు ఏం తినాలని ఉంది నాయనా?”

“ఏందైనా ఒకటేలేమ్మా.”

ఆ రాత్రి బెంగుళూరులో ఉండే తమ్ముడికి ఫోను చేసి ఏడ్చాను. వాడు కంగారుపడ్డాడు, తర్వాత వాడి పద్ధతిలో ఉపాయం చెప్పాడు.

“ఆదివారం రైలెక్కించుకొని రా అక్కా. ఈడ ఒక పెద్ద హోటలుండాది. చైనావి, జపానువి, థాయిలాండువి, అన్నీ ఒకే సోట పెట్టింటారు. నూరు రకాలు. ఎంతన్నా తినొచ్చు. నూట్లో ఒకటన్నా నచ్చదా ఆయనకి?”

ఆ హోటలు మా ఊరి కల్యాణమండపానికి రెండింతలుంది. గోడల పొడవునా మూతలు పెట్టిన పెద్ద స్టీలు పాత్రలు, వాటి కింద చిన్న మంటలు. జనం ప్లేట్లు పట్టుకుని తిరుగుతున్నారు. నాయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“బంతి యాడ?”

“బంతి లేదు నాయనా. ప్లేటు తీసుకొని ఎవురిది వాళ్ళే పెట్టుకోవల్ల” అన్నాడు తమ్ముడు.

“ఇంత పెద్ద హోటలు కట్టినారు. వడ్డించేదానికి మనుషులు దొరకలేదా?”

తమ్ముడు ఒక్కొక్కటే చూపిస్తూ నడిచాడు. నాయన మాంసం ముట్టడు కాబట్టి కూరగాయలవి ఉన్నవైపే తిప్పాడు. నూడుల్సు చూసి, “తెంపేది మర్సిపోయిన సేమ్యా” అన్నాడు నాయన. జపాను వాళ్ళ అన్నం చుట్టల దగ్గర వంగి చూశాడు.

“సద్దన్నం ముద్దకు నల్ల కాగితం సుట్టినారేందప్పా?”

“కాగితం కాదు నాయనా, సముద్రంలో పెరిగే నాచు.”

“నాచా! మన సెరువులో ఉండేదంతా ఊరికే పోతాందే.”

చివర్లో వెదురు బుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అక్కడి మనిషి ఒక బుట్ట మూత తీశాడు. ఆవిరి లేచింది. లోపల తెల్లగా, మడతలు మడతలుగా, బొటనవేలంత ఉన్నాయి. క్యాబేజీ, క్యారెట్టు లోపల పెట్టి ఉడికించారట.

“కుడుములు” అన్నాడు నాయన.

“దిమ్‌సమ్ అంటారు నాయనా.”

“పేరు ఏమన్నా పెట్టుకోనీ. ఆవిరి మీద ఉడికింటే కుడుమే.”

తిండి వైపు ఆయన అంత దగ్గరగా చూడడం నాలుగు నెలల్లో అదే మొదలు. రెండు పెట్టుకున్నాడు. ముగ్గురం కూర్చున్నాం. ఒకటి సగం కొరికి, నెమ్మదిగా నములుతూ, “బాగుండాది” అన్నాడు. అప్పుడే ప్లేట్లు తీసే మనిషి వచ్చి వంగి, “ఆయ్తా సార్?” అన్నాడు, అయిందా అని.

నాయనకు కన్నడం బాగా వచ్చు. “ఆయ్తప్పా, ఆయ్తు. సాకు” అన్నాడు నవ్వుతూ, చాలని.

ఆ మనిషి ప్లేటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒకటిన్నర కుడుములు దాంట్లోనే పోయాయి. నాయన చెయ్యి టేబులు మీద, ప్లేటు ఉన్న చోటే ఉండిపోయింది.

“ఒక్క మాటకే ఎత్తుకొనిపోయినాడే!”

తమ్ముడు పగలబడి నవ్వాడు. “నువ్వే సాలంటివి కదా నాయనా.”

“అంటి. అంటే? ఇంకోసారి అడగొద్దా?”

ఆయనకు కోపం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగు నెలలుగా రోజుకు రెండుసార్లు నేను చేస్తున్నదీ అదే. ఆయన ఒక్క మాట అంటాడు, నేను గిన్నె మూసేస్తాను. ఆయన లెక్క చిన్నప్పటినుంచి తెలిసినదాన్నే. అది పెళ్ళిళ్ళకూ, అమ్మకూ సంబంధించిన విషయమనుకున్నాను.

లేచి వెదురు బుట్టల దగ్గరకు వెళ్ళాను. ఎనిమిది కుడుములు పెద్ద ప్లేటులో పెట్టించుకుని వచ్చాను. నాయన ముందు ఖాళీ ప్లేటు ఉంచి, నేను కూర్చోకుండా ఆయన పక్కన వంగి నిలబడ్డాను.

“పెట్టనా నాయనా?”

“వద్దమ్మా. నువ్వు కూర్సో, తిను.”

“రెండే.”

“వద్దులే. అందరూ సూస్తాండారు.”

చూస్తూనే ఉన్నారు. పక్క టేబులు ఆమె చెంచా ఆపి మరీ చూస్తోంది.

“సూడనీ. పెట్టనా?”

ఆయన నా చేతిలో చెంచాను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ప్లేటు మీద అడ్డం పెట్టిన చెయ్యి పక్కకు జరిగింది.

“ఒకటి పెట్టు.”

రెండు పెట్టాను. తిన్నాడు. తమ్ముడికి అప్పటికి అర్థమైంది. గబగబా పోయి ఒక గిన్నెలో సూపు తెచ్చాడు.

“నాయనా, సాంబారు!”

“అదా సాంబారు? నీళ్ళల్లో ఆకులు ఏసినారు.”

“వద్దా? వద్దా? వద్దా?”

“పోరా ఎద్దా. మూడుసార్లు ఒకేపారి అడిగితే లెక్కలోకి రాదు. ఆగల్ల. ఆకు సూడల్ల.”

సూపు తాగాడు. ఆరు కుడుములు తిన్నాడు. ఐస్‌క్రీము దగ్గర మాత్రం రెండో వద్దుకే లొంగిపోయాడు. మెట్లు దిగుతూ, “వంట బాగుండాది. పెట్టేవోళ్ళే లేరు పాపం” అన్నాడు.

మర్నాటినుంచి అర్ధగంట ముందు లేచాను. ఆయన తింటున్నంతసేపూ గరిటె పట్టుకుని నిలబడేదాన్ని. కొన్ని రోజులు నిజంగానే మూడో వద్దు వచ్చేది. చాలా రోజులు వచ్చేది కాదు. నాకు వచ్చినట్టు క్యాబేజీ కుడుములు చేస్తే, “బెంగుళూరువి ఇంతకంటే మెత్తగుండె” అంటూ తినేవాడు. గడియారం మళ్ళీ మణికట్టుకు దిగింది.

ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. చివరి వారం జబ్బుతో మంచం మీదే ఉన్నాడు. ఒక పొద్దున రాగిజావ చల్లార్చి తెచ్చి, పక్కన కూర్చుని అడిగాను. తల అడ్డంగా కదిపాడు. కాసేపు ఆగి మళ్ళీ అడిగాను. వేలు కదిపాడు. ఈసారి చాలాసేపు ఆగాను. వీధిలో పాలవాడు వచ్చి పోయాడు.

“పెట్టనా నాయనా?”

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. “వద్దమ్మా” అన్నాడు, స్పష్టంగా.

అమ్మయితే నాలుగోసారి అడిగి ఉండేది. నేను కూడా అడగబోయాను. ఆయన నన్నే చూస్తున్నాడు. చెంచా గిన్నెలో పెట్టి, మూత వేశాను.