రైలు పట్టా గంట

మా చిన్నతనంలో నారాయణఖేడ్ వాళ్ళం రైలెక్కాలంటే ముందు ఎడ్లబండి ఎక్కాలి... చీకటితో బయల్దేరితే పొద్దు వాలేసరికి స్టేషన్. నిజాం కాలం మాట ఇది. పట్నం పోయే రైలు రోజుకు ఒక్కటే. అది తప్పితే మళ్ళీ మర్నాడు అదే వేళకి.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా గంగక్కకు పద్నాలుగు. జొన్న కోతలప్పుడు ఎండు కొయ్య ఒకటి అక్క కంట్లో గుచ్చుకుంది. నాలుగు రోజులు ఆకు పసరు పోశారు. కన్ను ఉబ్బిపోయి రెప్ప కూడా తెరవలేకపోయింది. ఇక లాభం లేదని మా బాపు పట్నం దవాఖానకు తీసుకుపోదామన్నాడు.

నాకేమో ఒకటే ఏడుపు. అక్క కన్ను గురించి కాదు... నన్ను రైలెక్కించడం లేదని! ఎంత పాడు బుద్ధో చూడండి.

బండి తోలేది ఖాసిం మామ, మా పక్కింటాయన. అక్క రెండు కళ్ళకూ తడిగుడ్డ కట్టి బండిలో పడుకోబెట్టారు. ఎడ్లు అడుగు వేయబోతుంటే నేను గడప మీద నిలబడి గట్టిగా తుమ్మాను.

అది వచ్చిన తుమ్ము కాదు... ముక్కు నలిపి తెప్పించిన దొంగ తుమ్ము.

బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మా ఇంట్లో ఆగాల్సిందే. కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు లేవాలి. మా అవ్వ అంతటితో ఊరుకోలేదు.

"ఆపుండ్రి బండి! పొద్దు పొడిసినంక కదులుండ్రి," అంది. "ఈ పోరి పానం అక్క కోసం కొట్టుకుంటుంది. దీన్ని గూడ ఎక్కించుకోండ్రి."

"రైలు తప్పుతది అవ్వా," అన్నాడు ఖాసిం మామ.

"తప్పితే తప్పనియ్. పిల్ల కన్ను కన్న ఎక్కువనా నీ రైలు?"

నేను గంతులేస్తూ బండెక్కాను.

మేము స్టేషన్ చేరుతుండగానే రైలు కదిలింది. బాపు బండి దూకి ఉరికాడు... పొగ ఒక్కటే మిగిలింది. "రేపు గిదే వక్తుకు," అన్నాడు స్టేషన్ మాస్టర్. బాపు అక్కడే కూలబడ్డాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎందుకంటాడు? తుమ్ము ఎవరి చేతిలో ఉంది!

మర్నాడు పొద్దంతా స్టేషన్లోనే. ఆడవాళ్ళకు విడిగా ఒక గది ఉండేది, గుమ్మానికి మందపాటి పరదా. మగవాళ్ళు అడుగు పెట్టకూడదు కనుక అక్క పక్కన నేనే కూర్చున్నాను.

"ఈడ ఏమున్నయే? జర చెప్పవే," అంది అక్క. అక్క కూడా అంతకుముందు రైలు ముఖం చూసింది కాదు.

ఇంకేముంది... బయటికి ఉరకడం, చూడడం, లోపలికొచ్చి చెప్పడం. హిందువులకో కుండ, ముసల్మానులకో కుండ, రెండింటి దగ్గరా నీళ్ళు పోసే మనుషులు. చిన్న కిటికీలోంచి అట్ట ముక్కలాంటి టికెట్లు. గోదాము నిండా కంది బస్తాలు. ఖాసిం మామ తన జవానీలో ఈ రైలు కట్టకే మన్ను మోశాడట, అప్పుడు ఇక్కడ తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవట. అన్నీ చెప్పాను. నాకా రోజు పండుగే. అక్క నొప్పితో పళ్ళు బిగబట్టి వింటూనే ఉంది.

"మరి రైలొస్తే కొట్టే గంట ఎట్లున్నది?"

"గుడిల గంట లెక్క కాదక్కా. రైలు పట్టా ముక్కను ఏలాడదీసిండ్రు. ఇనుప కడ్డీతోని కొడుతరు."

"పట్టా ముక్కనా? నీ అబద్ధాలు పాడుగాను!" అక్క నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వింది.

పట్నంలో డాక్టరు చూసి, "దేర్ చేసిన్రు," అన్నాడు. ఆలస్యమైపోయిందట. ఆ కన్ను పోయింది. దాని వెంటే ఆరు నెలల్లో రెండో కన్నూ పోయింది. నాలుగు రోజుల పసరు పాపమో, నా ఒక్క తుమ్ము పాపమో... ఈ ప్రశ్న నన్ను ఎనభై ఏళ్ళుగా తింటూనే ఉంది.

అక్కకు పెళ్ళి కాలేదు. నేను కాపురానికి వస్తే నాతోనే వచ్చింది. నా పిల్లల్ని, వాళ్ళ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒకటే కథ... ఆ స్టేషన్ కథ. నేను మరిచిపోయినవి కూడా చెప్పేది. పరదా, కుండలు, కంది బస్తాలు, గంట. చూసినట్టే చెప్పేది.

పోయిన నెల ఇక ఉండబట్టలేక అక్కకు తుమ్ము సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. తిట్టినా బాగుండేది.

"గట్లయితే..." అంది. "ఆ గంట గూడ అబద్ధమేనా?"

"కాదక్కా! నీ మీద ఒట్టు, కండ్లార చూసిన," అన్నాను. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి పిల్లలు అడిగినా స్టేషన్ కథ చెప్పడం లేదు.

మనవణ్ణి వెంటబెట్టుకుని స్టేషన్‌కు పోయాను, గంట దొరికితే అక్క చేత తడిమిద్దామని. ఇప్పుడక్కడ మైకులో మాటలు, వెలిగే అక్షరాలు, ఒక రైలు పోతే ఇంకో రైలు. పట్టా ముక్క గంట గురించి అడిగితే, "మాకెర్క లేదవ్వా," అన్నారు.

ఇది నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో కొడుతోంది. మీలో ఎవరైనా, పోనీ మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా, ఏ చిన్న స్టేషన్లోనైనా అట్లాంటి గంట చూసి ఉంటే కింద ఒక్క మాట రాయండి. మనవరాలు అక్కకు చదివి వినిపిస్తుంది.

నేను చెబితే మా అక్క ఇంక నమ్మదు...